ఖాళీ కుర్చీకి సన్మానం

ఏటిపేటలోని జిల్లా మనోసాంత్వన కేంద్రానికి సంచాలకులుగా రాకముందు పురుషోత్తంగారు సర్వీసంతా ఉత్సవాల విభాగంలోనే గడిపారు. ఆయన చేతుల మీదుగా జరిగిన సభల్లో దండ తక్కువైందనీ, శాలువా చాల్లేదనీ మాట పడ్డది లేదు. అలాంటి మనిషిని మనసులకు సంబంధించిన ఆఫీసుకు ఎందుకు వేశారంటే, ఖాళీ అక్కడ ఉంది, ఆయన ఖాళీగా ఉన్నారు. సర్కారు కొలువులో ఇంతకు మించిన అర్హత ఎవరూ అడగరు.

ఆ కేంద్రంలో మనస్తత్వశాస్త్రం చదువుకున్నది ఒక్క దమయంతే. కాంట్రాక్టు సైకాలజిస్టు. వరండా చివర గది ఇచ్చారు. అందులో రెండు కుర్చీలూ, తిరిగేటప్పుడు మూలిగే ఫ్యానూ ఉన్నాయి. ఆవిడ పని ఎదుటివాళ్ళు చెప్పేది వినడం. ఆఫీసులో ఎవరికీ అది పనిలా కనిపించేది కాదు. "మేడంగారు ఖాళీగానే ఉన్నారు, ఎవరితోనో మాట్లాడుతున్నారు" అని అటెండరు సూరిబాబు జనాన్ని లోపలికి పంపేస్తుండేవాడు.

ఇలా ఉండగా రాజధాని నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళు, ఆడవాళ్ళను ప్రేమించే ఆడవాళ్ళు, ట్రాన్స్‌జెండర్లు కౌన్సెలింగ్‌కు వస్తే వాళ్ళను మార్చడానికి ప్రయత్నించకూడదట. వాళ్ళలో జబ్బేమీ లేదట. లోకం పెట్టిన అవమానాల వల్ల తగిలిన దెబ్బకే ఓదార్పు చెప్పాలట, ఉన్న మనిషిని ఉన్నట్టుగా స్వీకరించాలట. దమయంతి ఆ కాగితం చదివి నిజంగా సంతోషపడింది. కన్నవాళ్ళు మందులు మింగించి, తాయెత్తులు కట్టించి, చివరికి ఏ దారీ లేక తన దగ్గరికి ఈడ్చుకొచ్చిన పిల్లల్ని ఆవిడ చూసింది. తప్పు ఆ పిల్లలది కాదని ఇన్నాళ్ళకు పైవాళ్ళే రాసిచ్చారు.

పురుషోత్తంగారు కూడా చదివారు. చదివి స్టాఫ్ మీటింగ్ పెట్టారు. అవమానపడిన మనిషి మళ్ళీ తలెత్తుకోవాలంటే ఏం చేయాలని అందరినీ అడిగారు. వినాలండి అంది దమయంతి. ఆయన చంటిపిల్ల మాట విన్నట్టు నవ్వారు. తన అనుభవంలో తల దించుకుని వేదిక ఎక్కినవాళ్ళు ఉన్నారు గానీ, శాలువా పడ్డాక తల దించుకుని దిగినవాళ్ళు లేరన్నారు. మర్నాడే ఉత్తర్వు వెలువడింది.

"సదరు కేంద్రమునకు విచ్చేయు ప్రతి లబ్ధిదారుని సముచిత రీతిన వేదికపై సత్కరించి, వారి ధైర్యసాహసములను సభాముఖముగా కొనియాడిన పిమ్మట మాత్రమే కౌన్సెలింగ్ గదిలోనికి అనుమతించవలెను."

మొదటి లబ్ధిదారు బ్యాంకులో పనిచేసే కుర్రాడు. ఎవరైనా గుర్తుపడతారేమోనని హెల్మెట్ తియ్యకుండానే గేటు దాటాడు. ఎదురుగా సన్నాయి మేళం. పన్నీరు చల్లారు. నెత్తిమీద 'స్వలింగ ప్రేమికులకు సుస్వాగతం' అని ఫ్లెక్సీ. హెల్మెట్ తియ్యమంటే తియ్యనన్నాడు. దాంతో దండ హెల్మెట్ మీదుగానే వేశారు. అతను వచ్చిన గేటులోంచే దండతో సహా బండెక్కి వెళ్ళిపోయాడు. పురుషోత్తంగారు ఆ రోజు నివేదికలో 'లబ్ధిదారు ఉప్పొంగిన హృదయంతో నిష్క్రమించారు' అని రాయించారు.

తర్వాత మల్లిక వచ్చింది. ట్రాన్స్‌జెండర్ మహిళ, బస్టాండు దగ్గర టిఫిన్ బండి నడుపుతుంది. కొత్తగా అద్దెకు దిగిన వీధిలో పిల్లలు వెంటపడి అరుస్తున్నారనీ, నిద్ర పట్టడం లేదనీ చెప్పుకోవడానికి వచ్చింది. ఆమెను వేదిక ఎక్కించారు. నలుగురు ఉపన్యసించారు. ఆమె చీకటిని చీల్చిన కాగడా అనీ, జాతికి దిక్సూచి అనీ అన్నారు. ఇంతలో బండి మీద ఇడ్లీ మాడిపోతుందని ఆమెకు ఫోనొచ్చింది. దిగిపోతూ దమయంతి దగ్గర ఆగింది.

"అమ్మా, వీధిలో పిల్లలు కాగడా అనట్లేదు గానీ, అరుపులు మాత్రం ఇలాగే ఉంటాయి. కాసేపు కూచోబెట్టి మాట్లాడతారనుకున్నాను" అంది.

దమయంతికి ఒళ్ళు మండిపోయింది. నేరుగా సంచాలకుల గదిలోకి వెళ్ళి, కౌన్సెలింగ్‌కు ఎవరొచ్చారో మూడో మనిషికి తెలియకూడదన్నది వృత్తి ధర్మమని, ఇలాగైతే ఒక్క మనిషి కూడా రాడని కుండ బద్దలు కొట్టింది. పురుషోత్తంగారు ఆవిడ చెప్పిందంతా విన్నారు. గోప్యత తప్పనిసరి అని ఒప్పుకున్నారు. సన్మానమూ ఆగకూడదు. ఈ రెంటినీ ఎలా పొసగించాలా అని రెండు కాఫీలు తాగి ఆలోచించి, ఉత్సవాల విభాగంలో ఇన్నేళ్ళు ఊరికే ఉండలేదని నిరూపించుకున్నారు. లబ్ధిదారు కనబడకూడదు. కాబట్టి లబ్ధిదారు లేకుండానే సన్మానం చేయాలి.

ఆ బుధవారం కేంద్రం ముందు పోర్టికోలో వేదిక కట్టారు. మధ్యలో ఎర్ర మఖమలు కుర్చీ వేశారు. అది ఖాళీ కుర్చీ. ముఖ్య అతిథి వచ్చి ఆ కుర్చీకి దండ వేశారు, శాలువా కప్పారు, మెమెంటో సీటు మీద పెట్టి నమస్కారం చేశారు. కుర్చీని ఉద్దేశించి, మీరు ఎవరో మాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు, మీరంటే మాకు ఎనలేని గౌరవం అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. కుర్చీ ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. మధ్యలో లేచి వెళ్ళలేదు. ఇంత సజావుగా సాగిన సన్మానం తన సర్వీసులో లేదని పురుషోత్తంగారు కళ్ళు తుడుచుకున్నారు.

సరిగ్గా ఆ సభ జరుగుతుండగానే సుహాసిని వెనక గేటులోంచి వచ్చింది. రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబులో టెక్నీషియను. ముందు గేటు దగ్గర మైకులు చూసి భయపడి, చుట్టూ తిరిగి వచ్చిందట. లోపల ఒక్క పురుగు లేదు. గుమాస్తాలూ సూరిబాబూ అందరూ సమోసాల కోసం సభలో కూర్చున్నారు. దమయంతి ఆ పిల్లను గదిలో కూర్చోబెట్టి తలుపు వేసింది. ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఎవరూ ఆ తలుపు తొయ్యలేదు.

సుహాసిని తలుపు సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంది. చివరికి, నన్ను మార్చగలరా అని అడిగింది.

"నేను ఈ ఫ్యానునే మార్పించుకోలేకపోయాను. మారాల్సినంత తప్పు నీలో ఏముందో ముందు చెప్పు, విందాం" అంది దమయంతి.

ఆ పిల్ల నవ్వింది, ఆ వెంటనే ఏడ్చింది. తర్వాత చెప్పింది. డిగ్రీలో కలిసి చదివిన రేవతంటే ఇష్టం. అది స్నేహం కాదని ఇద్దరికీ తెలుసు. ఇంట్లో తెలియదు. వచ్చిన సంబంధాలన్నిటికీ ఏదో ఒక వంక పెట్టి తప్పించుకుంటోంది. వంకలు అయిపోయాయి. నాన్న సంగతి తర్వాత, అమ్మకు అబద్ధాలు చెప్పి చెప్పి తన మీద తనకే అసహ్యం పుడుతోంది. అమ్మకు తన నోటితో తనే చెప్పాలి, ఇంకెవరో చెప్పగా అమ్మ వినకూడదు. చెప్పాక అమ్మ ముఖం చూసి తట్టుకునే బలం కావాలి. ఆ పిల్ల కోరిక ఇంతే.

బయట ముఖ్య అతిథి ఉపన్యాసం సాగుతూనే ఉంది. దమయంతికి అప్పుడు తట్టింది. సభ ఎంత సాగితే లోపల అంత ప్రశాంతత. ఆ రోజు నుంచి ఆవిడ పురుషోత్తంగారి దగ్గర పూర్తిగా ప్లేటు ఫిరాయించింది. సన్మానాలు వారానికి ఒకటేనా అని బాధపడింది. వక్తలు మరీ తక్కువమంది ఉన్నారంది. రిటైరైన ప్రిన్సిపాళ్ళను పిలుద్దామంది, వాళ్ళయితే బాల్యం దగ్గర్నుంచి మొదలుపెడతారని ఆవిడకు తెలుసు. వందన సమర్పణ చేసినాయనకు కూడా ఎవరైనా వందన సమర్పణ చేయాలి కదా అని సూచించింది. శాస్త్రం చదివిన అమ్మాయి ఇన్నాళ్ళకు దారిలో పడిందని పురుషోత్తంగారు పొంగిపోయారు.

మైకు మోగితే వెనక గేటులోంచి రావచ్చని, వినాల్సినవాళ్ళలో మాట పాకింది. మల్లిక వచ్చింది, రెండోసారి వచ్చినప్పుడు నిద్ర పడుతోందని చెప్పింది. హెల్మెట్ కుర్రాడు తిరిగొచ్చాడు, మూడోసారికి హెల్మెట్ తీశాడు. చూడచక్కని కుర్రాడు. ముందువైపు కుర్చీ, వెనకవైపు మనుషులు. కేంద్రం ఇంత చక్కగా పనిచేయడం దమయంతి ఎన్నడూ చూడలేదు.

కుర్చీ కూడా బాగా పైకొచ్చింది. పత్రికల్లో ఫొటోలు పడ్డాయి. పక్క జిల్లాలవాళ్ళు వచ్చి చూసి, కొలతలు రాసుకుని వెళ్ళారు. దానికి 'గౌరవ పీఠం' అని పేరు పెడుతూ, జిల్లాకొకటి ఉండాలంటూ రాజధాని నుంచి ఉత్తర్వులు వచ్చాయి. టేకు కర్రతో చేయించాలి, వీపు ఆనే భాగం ముఖ్య అతిథి కుర్చీ కన్నా ఎత్తు తగ్గకూడదు, లబ్ధిదారు ఆత్మాభిమానం దెబ్బతినే అవకాశం ఉన్నందున దాని మీద దుమ్ము ఉండరాదు. కరెంటు పోయిన మధ్యాహ్నం ఒక గుమాస్తా ఆ కుర్చీలో కూర్చుని క్యారేజీ విప్పాడు. అణగారిన వర్గాల స్థానాన్ని ఆక్రమించినందుకు సంజాయిషీ అడిగారు. ఉత్తమ సేవలకు ఇచ్చే ప్రశంసాపత్రం ఆ ఏడాది కుర్చీకే వచ్చింది. దాన్ని జీపులో ముందు సీట్లో పెట్టి తీసుకెళ్ళారు, పురుషోత్తంగారు వెనక కూర్చున్నారు.

ఎక్కడికక్కడ అంతా బాగుందనుకుంటుండగా రాజధాని నుంచి కమిషనరుగారు వస్తున్నారని కబురు వచ్చింది. ఆయన జిల్లాలన్నీ తిరిగారు. ప్రతి చోటా కుర్చీకి దండ వేసి వేసి విసుగెత్తిపోయారు. ఏటిపేటలోనైనా సజీవ లబ్ధిదారును తన స్వహస్తాలతో సత్కరించాలని, టీవీవాళ్ళు వెంట ఉంటారని ఫోనులో చెప్పారు. పురుషోత్తంగారు దమయంతిని పిలిపించారు.

"సభాసమయంలో వెనక గేటు నుంచి కొందరు వచ్చిపోతున్నట్లు మా దృష్టికి వచ్చింది. సంతోషం. వారిలో ఒకరిని స్వచ్ఛందంగా ఎంపిక చేసి వేదిక మీదికి పంపండి" అన్నారు.

చచ్చినా పంపనంది దమయంతి. ఆయన కోప్పడలేదు. ఆవిడ వృత్తి ధర్మాన్ని తాను గౌరవిస్తున్నాననీ, అందుకే ఆవిడకు శ్రమ లేకుండా ఆ రోజు వెనక గేటు దగ్గర సూరిబాబును కాపలా పెడుతున్నాననీ, వచ్చిన మొదటి మనిషిని అతనే సగౌరవంగా చెయ్యి పట్టుకుని తీసుకొస్తాడనీ చెప్పారు.

దమయంతి గదికి పరిగెత్తి అందరికీ ఫోన్లు చేసి ఆ రోజు రావద్దని చెప్పింది. సుహాసిని ఒక్కతే ఒప్పుకోలేదు. శుక్రవారం పెళ్ళిచూపులు పెట్టారు. అవతలివాళ్ళు తాంబూలాలకు సిద్ధపడే వస్తున్నారు. అమ్మకు సెలవు దొరికింది ఆ ఒక్క రోజే. తన తలనొప్పికి డాక్టరమ్మ ఇంట్లోవాళ్ళను రమ్మందని అబద్ధమాడి ఒప్పించింది, ఇదే చివరి అబద్ధం కావాలని అంది. చేసేదేమీ లేక, ఇంకా షామియానా కట్టకముందే వచ్చేయమంది దమయంతి.

అలాగే వచ్చారు. తల్లి పేరు సీతారత్నం. రొయ్యలు ఒలిచే షెడ్డులో సూపర్‌వైజరు. యంత్రాల మోతలో వందమంది ఆడవాళ్ళకు వినబడేలా మాట్లాడే అలవాటు వల్ల గుసగుస చెప్పినా గోడ అవతలికి వినిపిస్తుంది. వాళ్ళు గదిలోకి వెళ్ళిన కాసేపటికే సూరిబాబు వెనక గేటుకు అడ్డంగా బొకే పట్టుకుని నిలబడ్డాడు. బయటికి పోవాలంటే ఇక మిగిలింది పోర్టికోలోకి తెరుచుకునే ముందు తలుపే. దాన్ని ఆనుకునే వేదిక. సభ ముగిసేదాకా గదిలోంచి కదలకూడదని దమయంతి నిశ్చయించుకుంది.

ముందు మైకు మోగింది. జ్యోతి ప్రజ్వలన అయింది. సుహాసిని రెండు చేతులూ ఒళ్ళో బిగించి పెట్టుకుని మొదలుపెట్టింది.

"అమ్మా, నాకు రేవతంటే ఇష్టం."

"ఇష్టమైతే ఎవరు కాదన్నారే? మన ఇంటి పిల్లేగా" అంది సీతారత్నం.

"అలా కాదమ్మా. నీకు నాన్నంటే ఎలాగో, అలాగ."

"నాకు మీ నాన్నంటే ఇష్టమని నీకెవరు చెప్పారే" అని సగంలో ఆగిపోయింది సీతారత్నం. కూతురి ముఖంకేసి చూసింది. దమయంతికేసి చూసింది. విషయం మెల్లగా లోపలికి దిగింది. దీనికి మందేమిటని దమయంతిని అడిగింది. ఇది జబ్బు కాదండి, మీ అమ్మాయి పుట్టుకే అంత, అందులో మీ పెంపకం తప్పూ లేదు, ఆమె తప్పూ లేదు అని దమయంతి నెమ్మదిగా చెప్పింది. మరి జబ్బు కానప్పుడు డాక్టరు దగ్గరికి ఎందుకు తిరుగుతోందని అడిగిందావిడ.

"నీకు చెప్పడానికి ధైర్యం చాలకమ్మా" అంది సుహాసిని.

సీతారత్నం గొంతు మొదటిసారి తగ్గింది. "నా కడుపున పుట్టినదానివి. నాకో మాట చెప్పడానికి బయటివాళ్ళ దగ్గర ధైర్యం తెచ్చుకున్నావా? అంత రాక్షసినా నేను?" అంది.

జవాబు వినకుండా లేచి బయటికి నడిచింది. సుహాసిని ముఖం చేతుల్లో దాచుకుంది. దమయంతి వెనకాలే వెళ్ళి, అటు కాదండీ, ఆగండి అంటూనే ఉంది. ఆవిడకు వినబడితే కదా. చీకటి వరండా దాటి, ఎదురుగా కనబడ్డ తలుపు తోసుకుని టీవీ లైట్ల వెలుగులోకి వచ్చింది. కళ్ళు బైర్లు కమ్మాయి. చేతికి ఏదో కుర్చీ తగిలింది. అందులో కూలబడింది.

మైకు ముందున్న వక్త పక్కకు తప్పుకున్నాడు. గౌరవ పీఠంలో మనిషి కూర్చోవడం చరిత్రలో అదే మొదలు. పురుషోత్తంగారి ముఖం వెలిగిపోయింది. ఆయన చేతులెత్తగానే చప్పట్లు మోగాయి, టీవీ కెమెరాలు వేదిక మీదికి ఎగబడ్డాయి. కమిషనరుగారు లేచి స్వహస్తాలతో దండ వేశారు, శాలువా కప్పారు.

"అమ్మా, స్త్రీ అయి ఉండి స్త్రీని ప్రేమించినందుకు సమాజం మిమ్మల్ని వెలివేసి ఉండవచ్చు గాక. మీలో ఏ లోపమూ లేదని ఈ ప్రభుత్వం సగర్వంగా ప్రకటించుచున్నది. మీరు ఎలా ఉన్నారో అలాగే మిమ్మల్ని మేము స్వీకరించుచున్నాము" అన్నారాయన.

సీతారత్నం అటూ ఇటూ చూసింది. తన వెనక ఎవరూ లేరు. ముందు వరుసలో మహిళా సంఘంవాళ్ళున్నారు, సభ నిండుగా కనబడాలని ఆటోల్లో ఎక్కించుకొచ్చారు. వాళ్ళలో అంజనీదేవి ఉంది. సీతారత్నం ఇంటికి ఎదురిల్లు. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పక్కావిడ చెవిలో ఏదో చెప్పింది. ఆ పక్కావిడ ఇంకొకావిడకు చెప్పింది. కిసుక్కున నవ్వారు. వెనక వరుసల్లో కుర్రాళ్ళు ఈల వేశారు. ఇంకెవరో ఫోను ఎత్తి వీడియో తీస్తున్నారు. తలుపు దగ్గర నిలబడ్డ దమయంతికి సీతారత్నం ముఖం పక్కనుంచి కనబడుతోంది. ఆవిడ ఆ నవ్వుల్ని ఒక్కొక్కటే చూస్తోంది. కూతురు ఇన్నేళ్ళూ దేనికి భయపడిందో ఇప్పుడు ఆవిడకు ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు.

పురుషోత్తంగారు మైకు తెచ్చి నోటిముందు పెట్టారు. "అమ్మా, మా సజీవ లబ్ధిదారు మీరే కదా? తమ స్పందన సెలవియ్యండి."

ఆ పిల్ల గుట్టంతా ఇప్పుడు సీతారత్నం నోట్లో ఉందని దమయంతికి తెలుసు. నేను కాదండీ, మా అమ్మాయి అంటే చాలు. ఉన్న నిజమే, అమాయకంగానే అనేయొచ్చు. మైకులు బజారుదాకా కట్టారు. గదిలో కూర్చున్న ఆ పిల్లకు కూడా ఈ ప్రశ్న వినబడే ఉంటుంది.

సీతారత్నం మైకు అందుకుంది. శాలువా భుజం మీద సర్దుకుంది. ఆ గొంతుకు అసలు మైకే అక్కర్లేదు.

"నేనేనండి" అంది.

చప్పట్లు కొట్టబోయినవాళ్ళను చేత్తో ఆపింది. "ఏం అంజనీ, అలా చూస్తున్నావు? పొద్దున్నేగా మా ఇంట్లో కాఫీ తాగి వెళ్ళావు. అప్పుడూ నేను ఇంతే. రేపు కూడా రా. రాకపోతే ఎందుకు రాలేదని నేనే మీ ఇంటికొచ్చి అడుగుతాను."

అంజనీదేవి కొంగు కిందికి దించింది. ఈలలు ఆగిపోయాయి. షెడ్డులో ఆవిడ కింద పనిచేసేవాళ్ళు ఇద్దరు ముగ్గురు జనంలో ఉన్నట్టున్నారు, అలవాటు కొద్దీ లేచి నిలబడ్డారు. కమిషనరుగారు దాన్ని గౌరవ వందనమనుకుని తానూ లేచారు. ఆయన లేవడంతో సభంతా లేచింది. పురుషోత్తంగారు ఇక బాహాటంగానే ఏడుస్తున్నారు.

సీతారత్నం మైకు ఆయన చేతిలో పెట్టి, వచ్చిన తలుపులోంచే లోపలికి వెళ్ళింది. సుహాసిని వరండాలో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. తల్లి దగ్గరికి వెళ్ళి, శాలువా అంచుతో ఆ పిల్ల ముఖం తుడిచింది. కొంచెం గట్టిగానే తుడిచింది.

"నువ్వు చెప్పింది నాకింకా మింగుడు పడలేదు. అబద్ధమెందుకు, సగం అర్థమే కాలేదు. ఈ మేడంగారిని అడగాల్సినవి చాలా ఉన్నాయి" అని దమయంతి వైపు తిరిగి, మళ్ళీ సభ ఎప్పుడు పెడతారని అడిగింది. వచ్చే బుధవారమేనని దమయంతి చెప్పింది.

"శుక్రవారం పెళ్ళిచూపులమ్మా" అంది సుహాసిని.

"ఇంకేం పెళ్ళిచూపులే? టీవీలో చూశాక వాళ్ళే మానుకుంటారు." సీతారత్నం దండ తీసి చేతికి చుట్టుకుంది. "మీ నాన్నకు కూడా ఈపాటికి నా సంగతి తెలిసిపోయి ఉంటుంది. ముందు నన్ను జీర్ణించుకోనీ. తర్వాత నీ సంగతి చెబుదాం, అప్పటికి ఆయనకు కాస్త తేలిగ్గా ఉంటుంది."